మంచం మీంచి పడ్డాడన్న మాట గాయానికి సరిపోకపోతే: క్యాజువాలిటీలో ఏం చూడాలి, ఏం రాయాలి?

నైట్‌డ్యూటీ_డీఎంఓ, ఎల్‌బీనగర్

మాది 30 పడకల నర్సింగ్ హోమ్. రాత్రిపూట ఒక డ్యూటీ డాక్టర్, ఇద్దరు సిస్టర్లు, ఒక ఎక్స్‌రే టెక్నీషియన్. పీడియాట్రిషియన్ ఫోన్‌లో దొరుకుతారు. నాలుగేళ్లలోపు పిల్లల్ని దెబ్బలతోనో కాలిన గాయాలతోనో తెచ్చినప్పుడు వినిపించే కారణాలు నాలుగైదే: మంచం మీంచి పడ్డాడు, మెట్ల మీద జారింది, టీ గిన్నె లాగేసుకుంది, అన్న తోసేశాడు. ఎక్కువసార్లు అది నిజమే అయి ఉంటుంది. నిజం కాని ఆ కొన్నింటిని ఎలా పట్టుకోవాలి? పుస్తకాల్లో పెద్ద పెద్ద జాబితాలున్నాయి. బయట పేషెంట్లు కూర్చుని ఉండగా పది నిమిషాల్లో చూడగలిగినవేవో చెప్పండి.

రెండోది, ఎంత అనుమానం ఉంటే ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు తెలపడం) చేయాలి, ఏ మాటల్లో రాయాలి, తల్లిదండ్రులకు ఏం చెప్పాలి? అనవసరంగా ఒక కుటుంబాన్ని పోలీస్ స్టేషన్ మెట్లెక్కించామా అన్న భయం ఒకవైపు, వదిలేస్తే మళ్లీ ఏ స్థితిలో వస్తాడో అన్న భయం ఇంకోవైపు.

పీడియాట్రిక్స్_నారాయణగూడ

డాక్టర్ గారూ, ఎవరు కొట్టారో కనిపెట్టడం మన పని కాదు. ఈ వయసు పిల్లకు, ఈ చోట, ఈ ఆకారంలో, వాళ్లు చెబుతున్న తీరుగా గాయం అవుతుందా అన్నంత వరకే మన పని. అది గుర్తు పెట్టుకుంటే సగం భయం పోతుంది.

వయసుతో మొదలుపెట్టండి. బోర్లా పడటం నాలుగైదు నెలలకు, పాకడం ఎనిమిది తొమ్మిది నెలలకు, గోడో మంచమో పట్టుకుని అడుగులేయడం తొమ్మిది పది నెలలకు, సొంతంగా నడక ఏడాదికి అటూ ఇటూ. రెండు నెలల పాప దొర్లి మంచం మీంచి పడిందంటే అక్కడే ఆగి రెండోసారి అడగాలి. నిలబడటం రాని బిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చ ఉండటమే అరుదు. నడిచే పిల్లలకు మచ్చలు మామూలే, కానీ అవి నుదురు, గడ్డం, మోకాళ్లు, మోకాలి కింద ముందు భాగం, ఇలా చర్మం కిందే ఎముక తగిలే చోట్ల ఉంటాయి. బుగ్గ, పొట్ట, పిర్ర, తొడ లోపలి వైపు లాంటి మెత్తటి చోట్ల పడితే పరుగెత్తి పడిపోయాడన్న మాట అంత సులువుగా అతకదు.

పది నిమిషాల్లో చూసేది కావాలన్నారు కాబట్టి టెన్-4 ఫేసెస్-పీ నియమం గుర్తుపెట్టుకోండి. పియర్స్ బృందం 2021లో ప్రచురించింది. చూడాల్సిన చోట్ల ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలతో కట్టిన గుర్తు ఇది. నాలుగేళ్లలోపు పిల్లల్లో ఈ చోట్ల కమిలిన మచ్చలు వెతకాలి: మొండెం, చెవి, మెడ. పై పెదవిని చిగురుకు కట్టి ఉంచే సన్నటి పొర (ఫ్రెనులం), దవడ మూల, బుగ్గ కండ, కనురెప్ప, కంటి తెల్లగుడ్డు మీద రక్తం. ఒంటి మీద ఎక్కడైనా సరే ఒక వస్తువు అచ్చు తెలిసే మచ్చ. మొండెం అంటే ఛాతీ, పొట్ట, వీపుతో పాటు పిర్రలూ జననాంగాలూ కూడా. ఐదు నెలలు నిండని పసిబిడ్డకైతే చోటుతో పని లేదు, ఏ మచ్చయినా లెక్కే. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, నమ్మదగిన ప్రమాదం వివరం లేకపోతే, లోతుగా చూడాలి. ఆ అధ్యయనంలో హింసకు గురైన పిల్లల్లో 95 శాతం మందిని ఇది పట్టుకుంది. ప్రమాదవశాత్తు దెబ్బ తగిలినవాళ్లలో 87 శాతం మందిని సరిగ్గానే పక్కన పెట్టింది. అంటే తప్పుడు అలారం కూడా మోగుతుంది. ఇది మనల్ని ఆగి చూడమంటుందే తప్ప తీర్పు చెప్పదు. మచ్చలే లేని పిల్లల గురించి ఇది ఏమీ చెప్పదు, అదీ గుర్తుంచుకోండి.

పూర్తిగా బట్టలు విప్పించకుండా ఇవేవీ కనబడవు. డైపర్ తీయాలి. చెవి వెనక చూడాలి, ఎందుకంటే చెవి మెలేస్తే ఎర్రటి సూదిమొన చుక్కలు పై అంచునా, వెనక వైపునా పడతాయి, ముందు నుంచి ఏమీ తెలియదు. జుట్టు పాయలు తీసి నెత్తి చూడాలి. అరచేతులు, అరికాళ్లు, వేళ్ల సందులు, నోటి లోపల. దిష్టిచుక్క పెద్దదిగా ఉన్నా, బుగ్గల మీద పౌడర్ మందంగా ఉన్నా తడి దూదితో తుడిచి చూడండి. అది ఎవరో దాచారని కాదు, మన కంటికి అడ్డం అంతే.

అచ్చుల గురించి. చెంపదెబ్బకు వేళ్లు తగిలిన చోట కన్నా వేళ్ల మధ్య సందుల వెంట సమాంతర గీతలు బాగా కనబడతాయి. బెల్టుకు రెండు గీతలు, మధ్యలో చర్మం మామూలుగా. ఛార్జర్ వైరు మడిచి కొడితే చివర గుండ్రంగా తిరిగిన ఉచ్చు ఆకారం. తొడపాశం పెడితే తొడ లోపలి వైపు ఎదురెదురుగా రెండు నెలవంకలు. మనిషి కొరికిన గాటులో కోరపళ్ల మధ్య దూరం 3 సెంటీమీటర్లు దాటితే పెద్దవాళ్ల నోరు అయ్యే అవకాశం ఎక్కువ. ‘చెల్లి కొరికింది’ అన్న మాటను స్కేలుతో సరిచూడొచ్చు.

పొరపడే చోట్లు కూడా ఉన్నాయి. నడుం కింద, పిర్రల మీద బూడిద-నీలం రంగులో ఉండే మంగోలియన్ స్పాట్ మన పిల్లల్లో చాలా మామూలు; నొక్కితే నొప్పి ఉండదు, వారం తర్వాత చూసినా అలాగే ఉంటుంది. మొలతాడు బిగుసుకున్నా, వెండి కడియాలు ఇరుకైనా కట్టేసినట్టు గీతలు పడతాయి. నల్లజీడి రసం తగిలిన చర్మం కాలినట్టే బొబ్బలెక్కుతుంది. పెచ్చులు కట్టిన చీముపొక్కులు సిగరెట్ వాతల్లా కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గినా, హిమోఫిలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) ఉన్నా, పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ పడకపోయినా చిన్న తాకిడికే కమిలిపోతారు. అందుకే మచ్చలున్న ప్రతి బిడ్డకూ సీబీసీ (రక్తకణాల లెక్క), పీటీ, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్షలు) పంపండి. అవసరాన్ని బట్టి ఫ్యాక్టర్ 8, 9 పరీక్షలు తర్వాత. రిపోర్టు వచ్చేదాకా మిగతా పనులు ఆపొద్దు. రక్తం జబ్బు ఉన్న పిల్లల్నీ కొడతారు.

రంగు చూసి గాయం వయసు రాయకండి. ‘పసుపు రంగు కాబట్టి ఐదు రోజులు’ లాంటి మాట కోర్టులో నిలవదు, శాస్త్రంలోనూ నిలవదు.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నింటికన్నా ప్రమాదకరమైనది. ఒంటి మీద గీత కూడా లేకుండా వచ్చే పసిబిడ్డ. వాంతులు, మందకొడితనం, పాలు తాగకపోవడం, ఎడతెగని ఏడుపు, ఒక్కోసారి ఫిట్స్. విరేచనాలు లేవు, జ్వరం లేదు, అయినా ‘గ్యాస్ట్రో’ అని రాసి ఓఆర్‌ఎస్ ఇచ్చి పంపేస్తారు. 1999లో జెన్నీ బృందం తలకు హింసాత్మక గాయమైన 173 మంది చిన్నపిల్లల రికార్డులు తిరగేస్తే 54 మందిని మొదటిసారి చూసిన డాక్టర్లు గుర్తించలేదని తేలింది. విరేచనాల్లేని వాంతుల బిడ్డకు మాడు చేత్తో తడమండి, ఉబ్బి గట్టిగా ఉందేమో చూడండి. తల చుట్టుకొలత టేపుతో కొలిచి టీకాల కార్డులో పాత కొలత ఉంటే పోల్చండి. అర నిమిషం పని.

బర్న్స్_వార్డు_రిజిస్ట్రార్

కాలిన గాయాల సంగతి నేను చెబుతాను. ఇక్కడ నీళ్లు ఎటు పారాయన్నదే అసలు ఆధారం.

పిల్ల చెయ్యి చాచి టీ గిన్నో సాంబారు గిన్నో లాక్కుంటే గడ్డం, మెడ, ఒకవైపు భుజం, ఛాతీ మీద పడుతుంది. పైన వెడల్పుగా, లోతుగా. కిందికి జారేకొద్దీ చల్లారుతుంది కాబట్టి సన్నబడుతూ, పైపైన. పక్కన చిందిన చుక్కలు. అంచులు ఎగుడుదిగుడు. ఇది చాలావరకు ప్రమాదమే.

వేడి నీళ్లలో ముంచితే బొమ్మ వేరు. రెండు పాదాలూ సాక్స్ తొడిగినట్టు, చేతులు గ్లవ్ వేసినట్టు, ఒకే ఎత్తులో, గీత గీసినట్టున్న అంచు. చిందిన చుక్కలు ఉండవు, ఎందుకంటే కదలనివ్వకుండా పట్టుకున్నారు. కూర్చోబెట్టి ముంచితే పిర్రలు బకెట్ అడుగుకో టబ్ అడుగుకో ఆనుకుని ఉంటాయి కాబట్టి మధ్యలో చర్మం మిగిలి చుట్టూ వలయంలా కాలుతుంది. కాళ్లు పొట్టకు ముడుచుకుంటే గజ్జల మడతల్లో, మోకాలి వెనక మడతల్లో చర్మం బాగుంటుంది. పక్క మీద పడుకోబెట్టి చూస్తే ఇదంతా గజిబిజిగా ఉంటుంది. కాళ్లు ఆ భంగిమలోకి మెల్లగా మడిచి చూడండి, గీతలన్నీ ఒకే మట్టానికి వస్తాయి. పక్క తడిపినందుకు, లేదా టాయిలెట్ అలవాటు కాలేదని చేసే పనుల్లో ఇదొకటి. కాబట్టి ఒకటిన్నర నుంచి మూడేళ్ల మధ్య పిల్లలకు ఇలా కాలితే ఆ ప్రశ్న కూడా అడగండి.

ఇంట్లో నీళ్లు ఎలా కాస్తారో అడిగి రాసుకోండి. గీజరా, బకెట్‌లో హీటర్ రాడ్డా, గ్యాస్ మీద గిన్నెనా? బకెట్ ఎక్కడ ఉంది, పిల్ల ఎత్తు ఎంత, బకెట్ అంచు ఎత్తు ఎంత? 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే ఐదు సెకన్లలో లోతుగా కాల్చేస్తాయి, పిల్లలది ఇంకా పలచన. కాబట్టి ‘కాస్సేపే’ అన్నంత మాత్రాన అబద్ధం అనుకోవద్దు. గీత ఆకారం చూడండి, లోతు కాదు.

అట్లకాడ, చిమటా, ఇస్త్రీపెట్టె వాతలకు వస్తువు అంచు అచ్చుగా పడుతుంది. తగిలీ తగలగానే చెయ్యి లాక్కున్న పిల్లకు అచ్చు చెదిరి, ఒకవైపే లోతుగా ఉంటుంది. మొత్తం అచ్చు సమానంగా లోతుగా దిగితే నొక్కి పట్టారని అనుమానించాలి. సిగరెట్ వాత 8 నుంచి 10 మిల్లీమీటర్ల గుండ్రటి గుంట.

మన దగ్గర ఇంకో రకం ఉంది. కామెర్లకో, ఫిట్స్‌కో, పొట్ట ఉబ్బరానికో ఊళ్లో ఎవరితోనో పసికందుకు వాతలు పెట్టించి తెస్తారు. బొడ్డు చుట్టూ వరుసగా, రెండు వైపులా సమానంగా ఉంటాయి. అడిగితే దాచరు, మంచికే చేశామంటారు. అసలు జబ్బుకు వైద్యం చేసి, కౌన్సెలింగ్ ఇస్తే సరిపోతుందని, దీన్ని హింస ఖాతాలో వేయక్కర్లేదని నా అభిప్రాయం.

ఫిల్మ్_రీడర్

ఎక్స్‌రే విషయంలో రెండు మాటలు. రాత్రిపూట నర్సింగ్ హోముల్లో పసిబిడ్డను ఒకే ప్లేట్ మీద పడుకోబెట్టి తల నుంచి కాలి దాకా ఒక్క ఫిల్మ్ తీసి పంపుతుంటారు. దాంతో ఏమీ తేలదు. రెండేళ్లలోపు బిడ్డకు శారీరక హింస అనుమానం ఉంటే స్కెలిటల్ సర్వే చేయాలి. పుర్రె రెండు కోణాల్లో, వెన్నెముక, ఛాతీ నేరుగా ఒకటి, ఏటవాలుగా రెండు, పొట్ట-కటి, ప్రతి చెయ్యీ కాలూ విడివిడిగా, చేతిపంజాలు, పాదాలు. మొత్తం ఇరవై ఫిల్ములు దాకా అవుతాయి. రాత్రి రెండింటికి మీ దగ్గర అది కుదరదు, చేయాల్సిన పనీ లేదు. నొప్పి ఉన్న అవయవం, ఛాతీ తీయండి. తలకు లక్షణాలుంటే సీటీ. మిగతాది రిఫర్ చేసిన చోట. ఆరు నెలల్లోపు బిడ్డకు ఇంకెక్కడైనా అనుమానపు గాయం దొరికితే తల లక్షణాలు లేకపోయినా తలకు స్కాన్ అడగండి.

ఫిల్మ్‌లో భయపెట్టేవి ఇవి: పక్కటెముకలు వెనక వైపు, వెన్నెముక పక్కనే విరగడం (ఛాతీని రెండు చేతులతో పట్టి పిసికితే అలా విరుగుతాయి, సీపీఆర్ చేశాం కాబట్టి అనే మాట వెనక విరుపులకు సాధారణంగా కుదరదు), పొడవు ఎముకల చివర మూల చిట్లడం, భుజపుటెముక, రొమ్ముటెముక విరగడం, నడక రాని బిడ్డకు తొడ ఎముక విరగడం. తాజాగా విరిగిన పక్కటెముక మొదటి రోజు కనబడకపోవచ్చు. 11 నుంచి 14 రోజుల మధ్య మళ్లీ తీస్తే అతుకు కట్టడం మొదలై తెల్లగా తేలుతుంది. రెండో ఫిల్మ్‌కు తేదీ ఇచ్చి పంపడం చాలామంది మర్చిపోతారు.

అమాయకమైనవీ ఉంటాయి. అడుగులు నేర్చుకుంటున్న పిల్లకు మోకాలి కింద ఎముకలో మెలి తిరిగిన సన్నటి విరుపు తరచూ కాలు మడతపడే వస్తుంది. చెయ్యి పట్టి లాగితే మోచేయి జారడం రోజూ చూసేదే. రికెట్స్‌లో ఎముకల చివర్లు చిరిగినట్టు ఉండి మూల చిట్లిన దానిలా మోసం చేస్తాయి. కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి చూడందే చెప్పకండి. కంటి తెల్లగుడ్డు నీలంగా ఉండి, ఇంట్లో ఇంకెవరికైనా తరచూ ఎముకలు విరుగుతుంటే పెళుసు ఎముకల జబ్బు గుర్తుకు రావాలి.

మంచం ఎత్తు నుంచి పడితే బొప్పి కడుతుంది, ఒక్కోసారి పుర్రె పక్కన సన్నటి గీతలా చిట్లుతుంది. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం గడ్డకట్టడం (ఎపిడ్యూరల్) చిన్న పడటానికీ రావొచ్చు. కానీ మంచం మీంచి పడ్డాడన్న బిడ్డకు రెండు వైపులా సబ్‌డ్యూరల్ (మెదడు పైపొర కింద) రక్తం, దానికి తోడు కంటి రెటీనా అంతా రక్తస్రావాలుంటే ఆ మాట సరిపోదు. కంటి డాక్టర్‌తో కనుపాప పెద్దది చేసి చూపించండి.

పొట్ట మెత్తగానే ఉన్నా, మచ్చ లేకపోయినా, రక్తపరీక్షలో కాలేయం ఎంజైములు ఏఎల్‌టీ గానీ ఏఎస్‌టీ గానీ 80 దాటితే పొట్టకు సీటీ ఆలోచించండి. కాలేయానికి తగిలిన దెబ్బ బయటికి తెలియదు.

సిస్టర్_ట్రయేజ్

డాక్టర్లు గాయం దగ్గర మొదలుపెడతారు, మేము రిజిస్ట్రేషన్ దగ్గర మొదలుపెడతాం. ఎన్ని గంటలకు తగిలింది, ఎన్ని గంటలకు వచ్చారు? మధ్యలో ఎక్కడ చూపించారు? మలక్‌పేటలో ఇల్లు పెట్టుకుని, దారిలో ఇన్ని ఆస్పత్రులు దాటి కూకట్‌పల్లికి ఎందుకొచ్చారు? ఈ చివరిదానికి మంచి కారణం ఉండొచ్చు, ఆరోగ్యశ్రీనో, చుట్టాలో. అడిగి రాయాలి, అంతే.

తెచ్చినవాళ్లు ఇద్దరుంటే విడివిడిగా అడగండి. గొంతు మామూలుగా: ‘ఎలా జరిగిందో మొదటి నుంచి చెప్పండమ్మా’. ఆమె చెప్పింది ఆమె మాటల్లో, ఆయన చెప్పింది ఆయన మాటల్లో, టైముతో. తర్వాత కథ మారితే మొదటిది కొట్టేయొద్దు, కింద రెండోది రాయండి. బిడ్డతో పగలంతా ఎవరుంటారు? నీళ్లు పోసే ఆవిడ వస్తుందా, క్రెష్‌లో దింపుతారా, స్కూల్ వ్యానా, ట్యూషనా? ఒక్క తల్లినే చూసి మనసులో కేసు కట్టేసుకోకండి.

మాటలొచ్చిన పిల్లలతో పెద్దవాళ్లు లేనప్పుడు మాట్లాడాలి. బరువు తూచే గదికో యూరిన్ శాంపిల్‌కో తీసుకెళ్లినప్పుడు కుదురుతుంది. ‘ఏమైందో చెప్పు బంగారం’, ‘తర్వాత?’, ‘ఇంకా?’ ఈ మూడూ చాలు. ‘నాన్న కొట్టాడా?’ అని అడిగితే అవునన్నా కాదన్నా ఆ జవాబు పనికిరాదు, పైగా పోలీసులూ మేజిస్ట్రేటూ అడిగినప్పుడు అదే మాట అతుక్కుంటుంది. ‘ఎవరికీ చెప్పనులే’ అని మాటివ్వకండి, చెప్పాల్సి వస్తుంది. పాతబస్తీ పిల్ల ‘చిమ్టా గరమ్ కర్కే లగాయే’ (పట్టకారు కాల్చి పెట్టారు) అంటే అలాగే రాయండి, తెలుగులోకో ఇంగ్లిష్‌లోకో మార్చకండి. మీరడిగిన ప్రశ్న కూడా రాయాలి.

ప్రవర్తన చూసి నిర్ణయించొద్దు. కొట్టిన తల్లికే అతుక్కుపోయే పిల్లలుంటారు, భయంతో బిగుసుకుపోయి కోపంగా మాట్లాడే నిర్దోషి తండ్రులుంటారు. సూది గుచ్చినా ఏడవని, ప్రతి జవాబుకూ ముందు పెద్దవాళ్ల మొహం చూసే పిల్లను మాత్రం చార్టులో రాసిపెట్టుకోండి.

ఫోటోలు: ఆస్పత్రి కెమెరాతోనో, ఆస్పత్రి పెట్టిన ఫోన్‌తోనో. సొంత ఫోన్‌తో వద్దు, వాట్సాప్ గ్రూప్‌లో అసలే వద్దు. ముందు మొహం, ఎంఆర్‌డీ నంబరు (ఆస్పత్రి రికార్డు నంబరు) కలిసి ఒకటి. తర్వాత గాయం ఒంటి మీద ఎక్కడుందో తెలిసేలా. ఆ తర్వాత దగ్గరగా, స్కేలు లేకుండా ఒకటి, స్కేలుతో ఒకటి. కెమెరా గాయానికి నిటారుగా ఉండాలి, వాలితే కొలత తప్పుతుంది. ఎల్ ఆకారపు స్కేలు దొరకకపోతే మామూలు పదిహేను సెంటీమీటర్ల స్కేలే వాడండి, కానీ గాయం ఉన్న మట్టంలోనే పట్టాలి.

నైట్‌డ్యూటీ_డీఎంఓ, ఎల్‌బీనగర్

చాలా పనికొచ్చాయి, అందరికీ థాంక్స్. ఒక సందేహం మిగిలింది. మేనేజ్‌మెంట్ వాళ్లు ‘మనకెందుకు, ఫస్ట్ ఎయిడ్ చేసి నీలోఫర్‌కో గాంధీకో (ప్రభుత్వ ఆస్పత్రులు) పంపేయండి, ఎమ్మెల్సీ వాళ్లే చేస్తారు’ అంటారు. ప్రైవేటులో ఇది చెల్లుతుందా? లైంగిక హింస అనుమానమైతే వేరే దారా?

ఎమ్మెల్సీ_రిజిస్టర్

చెల్లదు. ముందు ఎవరు చూశారో వాళ్లే ఎమ్మెల్సీ చేయాలి. రిఫర్ చేయండి, తప్పులేదు, కానీ నంబరు వేసి, పోలీసులకు ఇంటిమేషన్ పంపి, ఆ కాపీ రిఫరల్ లెటర్‌కు జతచేసి పంపండి. అవతలివాళ్లు మీ నంబరునే రాసుకుంటారు. మీరు వదిలేస్తే మొదటి మూడు నాలుగు గంటల్లో గాయం ఎలా ఉందో చెప్పే కాగితం ఇక ఎక్కడా ఉండదు.

లైంగిక హింస దారి నిజంగానే వేరు, అక్కడ మీ ఇష్టాయిష్టాల్లేవు. పోక్సో చట్టం (పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం), 2012 సెక్షన్ 19 ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలపై నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా, స్పెషల్ జువెనైల్ పోలీస్ యూనిట్‌కో స్థానిక పోలీసులకో చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థను నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాస్తే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదని సెక్షన్ 19లోనే ఉంది. మీ మేనేజ్‌మెంట్‌కు ఇంకో మాట వినిపించండి: హాస్టల్ పిల్లలపై లైంగిక దాడి తెలిసీ చెప్పలేదన్న ఆరోపణ ఉన్న ఒక డాక్టర్ మీది కేసును బాంబే హైకోర్టు కొట్టేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది.

పోలీసు కాగితం వచ్చాకే ముట్టుకుంటాం అనడానికి లేదు. 2020 పోక్సో నియమాలు అత్యవసర వైద్యానికి ఏ రిక్విజిషన్‌నూ ముందస్తు షరతుగా అడగొద్దంటున్నాయి. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 397 ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నీ వెంటనే ఉచితంగా ప్రథమ చికిత్స గానీ వైద్యం గానీ చేసి, పోలీసులకు తెలపాలి. ఎఫ్‌ఐఆర్ కాకపోయినా పోక్సో సెక్షన్ 27 కింద పరీక్ష చేయొచ్చు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. బిడ్డ నమ్మే పెద్దవాళ్లు పక్కన ఉండాలి, ఎవరూ లేకపోతే ఆస్పత్రి హెడ్ ఒక మహిళను నియమించాలి. టూ ఫింగర్ టెస్ట్ (రెండు వేళ్లతో చేసే యోని పరీక్ష) ఊసే వద్దు, అది చేసినవాళ్లది దుష్ప్రవర్తన అని 2022లో సుప్రీంకోర్టు తేల్చేసింది. నాలుగు రోజుల్లోపు, అంటే 96 గంటల్లోపు వస్తే స్వాబ్‌లు తీయాలి; గాలికి ఆరబెట్టి కాగితపు కవర్లలో సీల్ చేయండి. ప్లాస్టిక్‌లో తడిగా పెడితే బూజు పట్టి పాడవుతుంది. హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది. పరీక్షలో ఏమీ కనబడకపోవడమే ఎక్కువ. ‘గాయాల్లేవు కాబట్టి జరగలేదు’ అని ఎక్కడా రాయొద్దు.

17 ఏళ్ల అమ్మాయి గర్భంతో వస్తే, పెళ్లయిందన్నా, ఇష్టపడే అన్నా, పోక్సో కిందికే వస్తుంది. గర్భస్రావం కోసం వస్తే, ఆ అమ్మాయి గానీ సంరక్షకులు గానీ కోరితే ఇంటిమేషన్‌లో పేరు, గుర్తింపు వివరాలు రాయక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది తెలియక చాలామందిని వెనక్కి పంపేస్తున్నారు, ఆ పిల్లలు ఆర్‌ఎంపీల చేతుల్లో పడుతున్నారు.

శారీరక హింసకూ నిర్లక్ష్యానికీ పోక్సో వర్తించదు. అక్కడ జువెనైల్ జస్టిస్ చట్టం, 2015. సెక్షన్ 75 కింద సంరక్షకులే హింసిస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. మీకు ఇంకా ఎక్కువ పనికొచ్చేది సెక్షన్ 31: డాక్టర్, నర్స్, ఆస్పత్రి మేనేజ్‌మెంట్ నేరుగా బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను హాజరుపరచవచ్చు, 24 గంటల్లోపు. అంటే ప్రతిసారీ పోలీసులతోనే మొదలవ్వాలని లేదు. 1098కి (పిల్లల హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తే జిల్లా బాలల రక్షణ యూనిట్ వాళ్లు కలుపుతారు. పోక్సో కేసులో వైద్యం, కౌన్సెలింగ్, వాంగ్మూలం ఒకేచోట జరగాలంటే సైఫాబాద్ హాకా భవన్‌లో 2016 నుంచి నడుస్తున్న భరోసా సెంటర్ ఉంది. ఘటన ఏ కమిషనరేట్ పరిధిలో జరిగిందన్న గొడవ మీకు అక్కర్లేదు, మీ ఆస్పత్రి ఉన్న స్టేషన్‌కు ఇవ్వండి, జీరో ఎఫ్‌ఐఆర్ చేసి వాళ్లు బదిలీ చేసుకుంటారు.

పీడియాట్రిక్స్_నారాయణగూడ

వాతల విషయంలో బర్న్స్ సార్‌తో నేను ఏకీభవించను. ఉద్దేశం మంచిదే కావచ్చు, బిడ్డ చర్మానికి ఆ తేడా తెలియదు. పైగా కామెర్లకు పెట్టించామన్న మాట వెనక వేరేది ఉండొచ్చు. ఎమ్మెల్సీ నంబరు వేసి, సంప్రదాయ వైద్యం పేరుతో పెట్టినవని వాళ్లు చెప్పిన కారణం రాయండి. తల్లిదండ్రుల్ని దోషులుగా చూడమనడం లేదు. వాత పెట్టినవాడు రేపు ఇంకో బిడ్డకు పెట్టకుండా ఆగాలంటే కాగితం ఉండాలి.

నిర్లక్ష్యం గురించి ఎవరూ రాయలేదు. బరువు తక్కువ, పుచ్చిపోయిన పళ్లు, తప్పిన టీకాలు, వీటిని పేదరికంతో కలిపేయొద్దు. మందు కొనలేక మానేసినవాళ్లకు అంగన్‌వాడీ, పోషకాహార పునరావాస కేంద్రం దారి చూపిస్తే తిరిగొస్తారు. అన్నీ అందుబాటులో పెట్టాక కూడా ఇన్సులిన్ ఇవ్వకుండా, ఫిట్స్ మందు ఇవ్వకుండా మళ్లీ మళ్లీ సీరియస్‌గా తెస్తే అప్పుడు కమిటీకి రాయండి. కార్ఖానాల్లో, ఇళ్లలో పనికి పెట్టిన పిల్లల్ని ‘మేనల్లుడు’ అని తెస్తారు. తెచ్చినవాళ్లకు ఆ పిల్లాడి ఊరు, తల్లి పేరు తెలుసో లేదో అడగండి. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు, ఎక్కువమంది బిహార్ పిల్లలు.

ఇంట్లో రెండేళ్లలోపు తమ్ముడో చెల్లో, కవలో ఉంటే వాళ్లనీ తెప్పించి చూడాలి. ఇది తరచూ జారిపోతుంది.

బర్న్స్_వార్డు_రిజిస్ట్రార్

మేడమ్, కాగితం ఉండాలన్నది ఒప్పుకుంటా. నా భయం ఒక్కటే, పోలీసులొస్తారని తెలిస్తే వాతలు పెట్టించినవాళ్లు అసలు ఆస్పత్రికే రారు, కామెర్ల బిడ్డ ఇంట్లోనే పోతాడు. దీని మీద మనకు ఒక మాట కుదరదేమో.

ఎమ్మెల్సీ_రిజిస్టర్

డీఎంఓ గారూ, ఏ మాటల్లో రాయాలన్నారు కదా. గాయానికి ఒక వరుస, ఇలా: ‘ఎడమ బుగ్గ మీద, నోటి మూలకు 2 సెం.మీ. బయటగా, ఎరుపు-నీలం రంగు కమిలిన మచ్చ, మూడు సమాంతర గీతలు, ఒక్కొక్కటి సుమారు 4 × 0.5 సెం.మీ., గీతల మధ్య చర్మం మామూలుగా ఉంది.’ చోటు, ఆకారం, కొలత, రంగు. బొమ్మ మీద అదే నంబరు వేయండి. అభిప్రాయం గడిలో ‘తండ్రి కొట్టాడు’ అని గానీ ‘చైల్డ్ అబ్యూస్’ అని గానీ వద్దు. ‘మంచం మీంచి ఒకసారి పడటం అనే వివరణ గాయం 1, 3, 4లకు సరిపోలడం లేదు. గాయం 2కు సరిపోలుతుంది’. సరిపోలినదాన్ని కూడా రాస్తే మీ మాటకు బరువు పెరుగుతుంది.

ఎంత అనుమానం ఉండాలి అన్నదానికి: వివరణ గాయానికి అతకకపోతే చాలు, రుజువు అక్కర్లేదు.

తల్లిదండ్రులకు నిందలా కాకుండా చెప్పండి: ‘ఈ వయసు బిడ్డకు ఇలాంటి గాయం ఉంటే అందరికీ ఈ పరీక్షలూ ఈ కాగితాలూ తప్పనిసరమ్మా, మీకొక్కరికే కాదు’. లైంగిక హింస అనుమానమైనప్పుడు, లేదా చెబితే బిడ్డను లాక్కెళ్లిపోతారనిపించినప్పుడు ముందు అడ్మిట్ చేసి, ఇంటిమేషన్ పంపాకే మాట్లాడండి. లామా (డాక్టర్ సలహాకు విరుద్ధంగా వెళ్తున్నామన్న) సంతకం పెట్టి తీసుకెళ్తామంటే తలుపు దగ్గర గొడవ పడొద్దు, మీ సిబ్బందికీ బిడ్డకూ ప్రమాదం. 112కి, స్టేషన్‌కు వెంటనే ఫోన్ చేసి, వెళ్లిన టైము, ఎవరితో వెళ్లాడో, బండి నంబరు కనబడితే అదీ రాయండి.

ఇంటిమేషన్ రెండు కాపీలు చేయండి. తీసుకున్న కానిస్టేబుల్ పేరు, నంబరు, టైము, సంతకం మీ కాపీ మీద ఉండాలి; జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఎంట్రీ నంబరు మర్నాడు అడిగి వేసుకోండి. ఫోన్‌లో చెబితే సరిపోదు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఆ సంగతే టైముతో సహా రిజిస్టర్‌లో రాసి, డీసీపీ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక కాపీ వేయండి, రసీదు ఎమ్మెల్సీ పేజీకే అంటించండి.